రిజిస్టరులో పేరు లేనివారి కోసం వ్యాయామ కేంద్రాన్ని మార్చడం ఎలా?

ప్రశ్న – నిర్వహణ సంఘ సభ్యుడు

నమస్కారం. నేను ఒక క్రీడా, వ్యాయామ కేంద్రం నిర్వహణ సంఘంలో సభ్యుడిని. మా భవనం కట్టి దాదాపు ముప్పయ్యేళ్లయింది. అందులో నాలుగు షటిల్ కోర్టులు పట్టే పెద్ద హాలు, 25 మీటర్ల ఈతకొలను, ఒక జిమ్, ఇప్పుడెవరూ వాడని రెండు స్క్వాష్ కోర్టులు ఉన్నాయి. బయట కొంత ఖాళీ స్థలం కూడా ఉంది. చాలా ఏళ్ల తరవాత మరమ్మతులకు, మార్పులకు నిధులు సమకూరాయి గాని, వాటిని దేనికి ఖర్చుపెట్టాలన్న విషయంలో సంఘంలో ఏకాభిప్రాయం కుదరడం లేదు. ఎక్కువమంది జిమ్‌లోని పాత యంత్రాల స్థానంలో కొత్తవి కొని, హాలుకు కొత్త నేల వేయిస్తే చాలునంటున్నారు. వారి మాటలో న్యాయం లేకపోలేదు, ఎందుకంటే ఇప్పుడు వస్తున్నవారు అడుగుతున్నవి అవే.

నా దిగులు వేరు. ఆరు నెలలుగా హాజరు రిజిస్టరును ముందు పెట్టుకుని చూస్తున్నాను. వస్తున్నవారు ఎప్పుడూ వారే. సాయంత్రం హాలు మొత్తం నలభై యాభై మంది యువకుల చేతిలో ఉంటుంది. యాభై దాటిన స్త్రీలు ఉదయం ఒక గంట ఈతకొలను దగ్గర తప్ప మరెక్కడా కనిపించరు. పన్నెండేళ్లు దాటిన ఆడపిల్లలు దాదాపు లేరు. చక్రాల కుర్చీలో వచ్చినవారు ఈ ఆరు నెలల్లో ఒక్కరే, ఆయనా రెండోసారి రాలేదు. కొత్తగా చేరినవారిలో సగానికి పైగా మూడు నాలుగు సార్లు వచ్చి మానేశారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో విడుదల చేసిన అంచనా ప్రకారం, 2022లో ప్రపంచంలోని పెద్దవాళ్లలో 31 శాతం మంది, అంటే సుమారు 180 కోట్ల మంది, ఆరోగ్యానికి అవసరమైనంత శారీరక శ్రమ చేయడం లేదు. పురుషుల్లో ఇది 29 శాతం కాగా స్త్రీలలో 34 శాతం. ఆ అంకెలు చదివినప్పుడు నాకు మా రిజిస్టరులోని ఖాళీలు కళ్ల ముందు కదిలాయి. ఇన్నాళ్లూ రానివారు వచ్చేలా, వచ్చినవారు నిలిచేలా భవనాన్ని మార్చడం సాధ్యమేనా? సాధ్యమైతే దేనితో మొదలుపెట్టాలి? ఈ రంగంలో పనిచేసినవారు తమ అనుభవం చెబితే సంఘం ముందు పెడతాను.

జవాబు – వాస్తుశిల్పి

మీరు రిజిస్టరు చూడటం మంచి పని. అయితే అందులో రానివారి పేర్లు ఉండవు, వారు ఎందుకు రాలేదన్న కారణమూ ఉండదు. పాత క్రీడా భవనాలను మార్చే పనిలో నేను చాలాకాలంగా ఉన్నాను. వచ్చేవారిని మాత్రమే అడిగి గీసిన నక్షాతో కట్టిన కేంద్రానికి మళ్లీ వారే వస్తారు. వారి సౌకర్యం పెరుగుతుంది, సంఖ్య పెరగదు. కొత్త ట్రెడ్‌మిల్ వచ్చిందని పాత సభ్యుడు సంతోషిస్తాడు గాని, గేటు దాటడానికే జంకిన మనిషికి లోపల ఏ యంత్రం ఉన్నదీ తెలియదు కదా.

నక్షాకు ముందు ఒక పని చేయండి. మీ కేంద్రంలో ఎన్నడూ అడుగుపెట్టని అయిదారుగురిని, వేరువేరు వయసులవారిని, ఒక్కొక్కరినే పిలిచి, గేటు దగ్గర నుంచి మొదటి వ్యాయామం వరకు వారి వెంట నడవండి. దారి మీరు చూపకండి. వారు ఎక్కడ ఆగారో, ఎక్కడ అటూ ఇటూ చూశారో, ఏ తలుపు ముందు తోయాలా లాగాలా అని తటపటాయించారో, ఎవరినైనా అడగడానికి ఎక్కడ మొహమాటపడ్డారో రాసుకోండి. నేను చూసిన ముప్పయ్యేళ్ల నాటి భవనాలు చాలావరకు ఒకే తీరున ఉన్నాయి: చిన్న ప్రవేశద్వారం, ఎత్తయిన కౌంటరు, దాని వెనక పొడవాటి ఇరుకు నడవా, రెండు పక్కలా మూసిన తలుపులు. లోపల ఏం జరుగుతోందో, ఎలాంటివారు ఉన్నారో, తనలాంటివారు ఒక్కరైనా ఉన్నారో లేదో తలుపు తీసేదాకా తెలియదు. కొత్త మనిషికి ఆ తలుపు తీయడమే అన్నిటికన్నా కష్టమైన వ్యాయామం. అందుకే నేను ప్రవేశభాగం మార్పుకే మొదటి డబ్బు కేటాయించమంటాను. లోపలికి వచ్చినవారు ఏమీ చేయకుండా కాసేపు కూర్చుని చూసేందుకు వీలున్న జాగా అక్కడ ఉండాలి. పిల్లవాడిని ఆటకు తీసుకొచ్చిన తల్లి గంటసేపు అక్కడ కూర్చుంటే, నాలుగో వారానికి తాను కూడా ఏదో ఒకటి మొదలుపెట్టవచ్చునన్న ఆలోచన రావడం నేను పలుమార్లు చూశాను.

ఆడపిల్లల విషయంలో వియన్నా నగరం చేసిన పని మీ సంఘానికి తప్పక చెప్పండి. 1990ల నడుమ అక్కడి పార్కుల వాడకాన్ని పరిశీలించినప్పుడు, తొమ్మిదేళ్లు దాటిన తరవాత ఆడపిల్లలు పార్కులకు రావడం బాగా తగ్గిపోతున్నట్లు, మగపిల్లల విషయంలో అలా జరగనట్లు తేలింది. దీనికి కారణం ఆడపిల్లలకు ఆటలంటే ఇష్టం లేకపోవడం కాదు. ఆట స్థలం ఒకే ఒక పెద్ద ఖాళీగా, ఒకే ఇరుకు ద్వారంతో ఉన్నప్పుడు, ముందు వచ్చిన బలమైన గుంపు దాన్ని ఆక్రమిస్తుంది. స్థలం కోసం వారితో తగవుపడే కన్నా వెళ్లిపోవడమే మేలని మిగతావారు తప్పుకుంటారు. ఆ తరవాత 1999 ప్రాంతంలో అయిన్‌సీడ్లర్ పార్కును మార్చినప్పుడు కొత్త నడకదారులు వేశారు, వాలీబాల్, షటిల్ ఆడుకునే చోట్లు కల్పించారు, పెద్ద ఖాళీని మొక్కలతోను నేల ఎత్తుపల్లాలతోను చిన్నచిన్న భాగాలుగా విడగొట్టారు. ఆడపిల్లల రాక త్వరలోనే పెరిగింది. అందుకోసం మగపిల్లలను వెళ్లగొట్టవలసిన అవసరమూ రాలేదు.

మీ హాలు విషయమూ ఇదే. నాలుగు కోర్టుల హాలు ఒకే ముద్దగా ఉన్నంతకాలం సాయంత్రం అది ఒక్క గుంపుదే అవుతుంది. ఒక షటిల్ కోర్టు పొడవు 13.4 మీటర్లు, వెడల్పు 6.1 మీటర్లు. హాలు మధ్యలో పైనుంచి దిగే తెర ఒకటి వేస్తే ఒక సగంలో ఆట సాగుతుండగానే రెండో సగంలో ఇరవై మంది నాట్యమో, యోగాభ్యాసమో చేసుకోవచ్చు. తెర కింది భాగం దట్టంగా ఉండాలి, పై భాగం వల అయినా పరవాలేదు. బంతి దాటి వస్తుందన్న భయం ఉన్నచోట కొత్తవారు నిలవరు. రెండో సగానికి వేరే తలుపు ఉండేలా చూడండి, ఆడుతున్నవారి మధ్య నుంచి నడిచి వెళ్లాల్సి వస్తే తెర వేసిన ప్రయోజనం సగం పోతుంది. పైకప్పుకు శబ్దాన్ని పీల్చే పలకలు కూడా ఈ సందర్భంలోనే వేయించండి. గట్టి గోడల హాలులో ప్రతిధ్వని మూడు నాలుగు సెకన్లు నిలిచిపోతే శిక్షకుడి మాట వెనక వరసకు అర్థం కాదు. దాన్ని రెండు సెకన్లకు లోపుగా తెస్తే గొంతు చించుకోకుండా తరగతి నడపవచ్చు. నేల మీద అన్ని ఆటల గీతలనూ అన్ని రంగుల్లోనూ గీయించకండి. ఆట తెలిసినవారికి అది సౌకర్యమే గాని, తెలియనివారికి ఆ గందరగోళమే ఇది తమ చోటు కాదని చెబుతుంది.

స్క్వాష్ కోర్టు ఒక్కొక్కటి 9.75 మీటర్ల పొడవు, 6.4 మీటర్ల వెడల్పు ఉంటుంది, ఎత్తు కూడా బాగానే ఉంటుంది. కిటికీలు లేని ఈ డబ్బాలను చాలా కేంద్రాల్లో సామాన్లు పడేసే గదులుగా వదిలేశారు, అది నాకు బాధ కలిగిస్తుంది. ఒకదాన్ని మందపాటి పరుపులు వేసి, తాడు అవసరం లేని తక్కువ ఎత్తు ఎక్కుడు గోడగా మార్చవచ్చు. జట్టు ఆటలు ఇష్టంలేని పదిహేనేళ్ల పిల్లలను లాగడంలో దీనికి సాటి వచ్చేది నేను చూడలేదు. రెండోది చిన్న తరగతులకు పనికొస్తుంది, గాలి మార్పిడి సరిగా ఏర్పాటు చేస్తేనే సుమా.

బయటి స్థలం గురించి ఒక్క మాట. ఆల్డో వాన్ ఐక్ అనే వాస్తుశిల్పి 1947 నుంచి 1978 వరకు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఏడువందలకు పైగా ఆట స్థలాలు రూపొందించాడు. ఇసుక తొట్టి, పల్టీలు కొట్టే కడ్డీలు, గెంతడానికి గుండ్రటి కాంక్రీటు దిమ్మెలు, పక్కన పెద్దవాళ్లు కూర్చునే బల్లలు: దాదాపుగా అంతే. ఏ వస్తువుతో ఏం చేయాలో రాసి పెట్టలేదు కనుకనే ప్రతి పిల్లవాడూ తన ఆటను తానే కనుక్కున్నాడు. మీ ఖాళీ స్థలంలో ఒక వరస ఇనుప యంత్రాలు నాటించే ముందు దీన్ని ఆలోచించండి.

జవాబు – ఈత శిక్షకురాలు

వాస్తుశిల్పి గారు ప్రవేశద్వారం గురించి చెప్పినదంతా నిజమే, కానీ ఈతకొలను దగ్గర అసలు గండం నీళ్లలో దిగకముందే వస్తుంది. దుస్తులు మార్చుకునే గది నుంచి నీటి అంచు వరకు ఉన్న ఆ పదిహేను ఇరవై అడుగులు ఈత దుస్తులతో, అందరి కళ్ల ముందు నడవలేక మానేసినవారిని నేను లెక్కలేనంత మందిని చూశాను. పాత భవనాల్లో అందరికీ కలిపి ఒకే పెద్ద గది, గోడకు కొక్కేలు, మధ్యలో ఒక బల్ల ఉంటాయి. దాని బదులు గొళ్లెం పడే చిన్న గదులు, వాటిలో కొన్ని తల్లి ఇద్దరు పిల్లలతో పట్టేంత పెద్దవి, ఉంటే కుటుంబాలు వస్తాయి. ఆ గదుల తలుపులు నీటికి వీలైనంత దగ్గరగా తెరుచుకోవాలి. తువ్వాలు తగిలించే కొక్కెం నీటి అంచునే ఉండాలి. ఇవి చిన్న విషయాల్లా కనిపిస్తాయి గాని, మా దగ్గర వీటిని మార్చాకే ఉదయం తరగతిలో నడివయసు స్త్రీలు స్థిరపడ్డారు.

రెండోది నీటి వెచ్చదనం. పోటీల ఈతకు నీరు 25 నుంచి 28 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచుతారు. వేగంగా ఈదేవారికి అది హాయిగా ఉంటుంది. నేర్చుకునే మనిషి నీళ్లలో ఎక్కువసేపు నిలబడే ఉంటాడు, అతనికి పది నిమిషాల్లో వణుకు మొదలవుతుంది. వణికే ఒళ్లు భయాన్ని రెట్టింపు చేస్తుంది. నేర్చుకునేవారికి, పసివారికి, వృద్ధులకు 30 డిగ్రీలు, ఆపైన ఉండాలి. గాలి నీటికన్నా ఒక డిగ్రీ వెచ్చగా ఉంటే బయటికి వచ్చినప్పుడు చలి వేయదు, నీరు ఆవిరి కావడమూ తగ్గుతుంది.

మూడోది దిగే దారి. నిలువు ఇనుప నిచ్చెన ఒక్కటే ఉంటే మోకాళ్ల నొప్పులవారికి, గర్భిణులకు ఆ కొలను లేనట్టే. వెడల్పయిన మెట్లు, రెండు పక్కలా పట్టుకునే కడ్డీలు, ప్రతి మెట్టు అంచున ముదురు రంగు పట్టీ ఉండాలి. నిధులు అనుమతిస్తే కొలను అడుగు నేల పైకీ కిందికీ జరిగే ఏర్పాటు చేయించవచ్చు. 2012 ఒలింపిక్ క్రీడల కోసం కట్టిన లండన్ ఈత కేంద్రంలో ఇలాంటి జరిగే నేలలు ఉన్నాయి. అక్కడ ఇంకొక మంచి ఆలోచన కూడా చేశారు. క్రీడల రోజుల్లో 17,500 మంది కూర్చునేందుకు రెండు పక్కలా తాత్కాలిక గ్యాలరీలు కట్టి, ఆ తరవాత వాటిని విప్పేసి, ఆ స్థానంలో అద్దాలు బిగించి, 2014లో సామాన్యులకు తెరిచారు. ప్రేక్షకుల కోసం కట్టినదాన్ని ఈదేవారి కోసం మార్చాలని ముందే నిర్ణయించుకుని కట్టారన్నమాట.

మరొకటి. కొలను దగ్గర ఘాటుగా వచ్చే వాసనను చాలామంది క్లోరిన్ ఎక్కువైందనుకుంటారు. నిజానికి క్లోరిన్ చెమటతోను మూత్రంతోను కలిసినప్పుడు పుట్టే క్లోరమైన్ల వాసన అది. కళ్లు మండేది, దగ్గు వచ్చేది ఎక్కువగా వాటివల్లనే. దిగే ముందు అందరూ స్నానం చేసేలా వెచ్చటి నీళ్ల షవర్లు దారిలోనే పెట్టించండి, నీటి ఉపరితలం మీది గాలిని బయటికి లాగే ఏర్పాటు బాగుచేయించండి. ఒకసారి కళ్లు మండిన పిల్లవాడు రెండోసారి రావడానికి ఏడుస్తాడు.

ప్రశ్న అడిగినవారి మాట

ఇద్దరికీ ధన్యవాదాలు. మీ జవాబులు నిన్నటి సమావేశంలో చదివి వినిపించాను. ఒక చిక్కు వచ్చింది. లోపల ఏం జరుగుతోందో బయటికి కనిపించాలని వాస్తుశిల్పి గారు అంటున్నారు. ఉదయం వచ్చే స్త్రీలను అడిగితే వారు దానికి సరిగ్గా విరుద్ధంగా, తమను ఎవరూ చూడని చోటు కావాలంటున్నారు. ఈ రెండింటినీ ఎలా పొసగించాలి? అలాగే వృద్ధుల గురించి, అంగవైకల్యం ఉన్నవారి గురించి ఎవరైనా చెబితే బాగుంటుంది. రెండోసారి రాని ఆయన నా మనసులోంచి పోవడం లేదు.

జవాబు – వాస్తుశిల్పి

ఆ స్త్రీలు చెప్పింది సరైన మాట, నేను దాన్ని మొదటే విడమరచవలసింది. కనిపించాల్సింది కార్యక్రమం, మనిషి శరీరం కాదు. హాలులో ఆటను, ఎక్కుడు గోడను, నాట్య తరగతి పై సగాన్ని ప్రవేశభాగం నుంచి చూడనివ్వండి. ఈతకొలనుకు, జిమ్‌లో నేల మీద పడుకుని చేసే వ్యాయామాల చోటుకు వీధి వైపు అద్దం వద్దు. తరగతి గది అద్దానికి నేల నుంచి మనిషి భుజం ఎత్తు వరకు పాలరంగు పొర అంటిస్తే, లోపల కొందరు ఉన్నారని, వారు ఆనందంగా ఉన్నారని తెలుస్తుంది, ఎవరెవరన్నది తెలియదు. లోపలి వైపు ఒక తెర కూడా ఉంచి, దాన్ని వేసుకోవాలా తీయాలా అన్నది ఆ తరగతివారికే వదిలేయండి. తెర తాడు చేతిలో ఉన్నవారు కొన్నాళ్లకు తామే దాన్ని తీస్తారు.

జవాబు – ఫిజియోథెరపిస్టు

రెండోసారి రాని ఆయన గురించి మీరు రాసిన వాక్యం చదివి ఈ జవాబు రాస్తున్నాను. వీలైతే ఆయనకు ఫోను చేసి, మళ్లీ రమ్మని కాకుండా, ఎక్కడ ఇబ్బంది కలిగిందో చెప్పమని అడగండి. చాలా కేంద్రాల్లో ర్యాంపు ఉంటుంది, అక్కడితో బాధ్యత తీరిందనుకుంటారు. ర్యాంపు ఎక్కి లోపలికి వచ్చిన మనిషికి తలుపు వెడల్పు చాలదు, మరుగుదొడ్డిలో కుర్చీ తిరగదు, కౌంటరు మీద ఏముందో కనిపించదు, జిమ్‌లో యంత్రాల మధ్య దారి ఉండదు. ర్యాంపు ఒక అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు కన్నా నిటారుగా ఉండకూడదు. తలుపు తెరిచినప్పుడు దాదాపు 900 మిల్లీమీటర్ల దారి దొరకాలి. కుర్చీ పూర్తిగా తిరగడానికి 1.5 మీటర్ల వ్యాసం ఉన్న ఖాళీ కావాలి, మరుగుదొడ్డిలోనే కాదు, దుస్తులు మార్చుకునే గదిలోను, ప్రతి యంత్రాల వరస చివరా. కౌంటరులో ఒక భాగాన్ని కూర్చున్నవారి ఎత్తుకు దించండి. జిమ్‌లో కొన్ని యంత్రాలైనా కూర్చునే పీట పక్కకు జరిగేవి ఉంటే, కుర్చీలోంచి దిగకుండానే వాడుకోవచ్చు. అంగవైకల్యం ఉన్న వ్యక్తుల హక్కులపై 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒడంబడికలో 30వ అధికరణం వినోదం, విరామం, క్రీడల్లో ఇతరులతో సమానంగా పాల్గొనే హక్కును గుర్తించింది. మీ సంఘంలో ఎవరైనా దీన్ని దయతో చేసే పనిగా మాట్లాడితే ఆ అధికరణాన్ని చూపించండి.

వృద్ధుల సంగతి. అరవై అయిదేళ్లు, ఆపైబడినవారు వారానికి మూడు రోజులైనా శరీర సమతౌల్యాన్ని, బలాన్ని పెంచే వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. పడిపోకుండా ఉండటమే దీని ముఖ్య ప్రయోజనం. కానీ మామూలు జిమ్ యంత్రంలో అన్నిటికన్నా తక్కువ బరువు కూడా డెబ్బయ్యేళ్ల స్త్రీకి ఎక్కువే. మొదటి ప్రయత్నంలోనే కడ్డీ కదలకపోతే, ఇక తన వల్ల కాదని ఆమె నిశ్చయించుకుంటుంది. కొత్త యంత్రాలు కొనేటట్లయితే దాదాపు సున్నా నుంచి మొదలై కొద్దికొద్దిగా పెరిగే రకం ఎంచుకోండి. హాలు చుట్టూ గోడ వెంబడి కడ్డీ పట్టుకుని నడిచే బాట ఒకటి, మధ్యమధ్య చేతులున్న కుర్చీలు ఉంటే యంత్రం లేకుండానే ఎంతో చేయవచ్చు. చేతులు లేని మెత్తటి సోఫాలోంచి లేవలేకపోతానన్న భయంతో కూర్చోనివారు, కూర్చునే చోటు లేదని అసలు రానివారు నాకు రోజూ ఎదురవుతారు.

ఈత శిక్షకురాలు గారు చెప్పిన మెట్లకు నా మద్దతు. నడుము లోతు నీళ్లలో నిలబడితే కాళ్ల మీద పడే బరువు దాదాపు సగానికి తగ్గుతుంది, ఛాతీ లోతులో మూడో వంతుకు దగ్గరవుతుంది. మోకాళ్లు అరిగినవారు నేల మీద చేయలేని నడకను నీళ్లలో చేయగలరు. ఆ నీళ్లు వారికి అందాలి, అంతే.

జవాబు – జిమ్ శిక్షకుడు

నేను కొంత విభేదిస్తున్నాను. పై జవాబులన్నిటిలోను గోడలు, తలుపులు, మెట్లు ఉన్నాయి. అవన్నీ కావాలి. అయితే ప్రశ్న అడిగినవారు చెప్పిన సగం సమస్య, అంటే మూడు నాలుగు సార్లు వచ్చి మానేయడం, భవనంతో మాత్రమే తీరేది కాదు. అమెరికాలోని జిమ్ సభ్యత్వాల మీద డెల్లావిన్యా, మాల్మెండియర్ అనే ఆర్థికవేత్తలు 2006లో ప్రచురించిన పరిశోధనలో, నెలవారీ సభ్యత్వం తీసుకున్నవారు సగటున నెలకు 4.3 సార్లే వచ్చారని, వచ్చినప్పుడల్లా విడిగా చెల్లించి ఉంటే వారికి తక్కువ ఖర్చయ్యేదని తేలింది. చేరేటప్పుడు అందరూ తాము తరచుగా వస్తామనే నమ్ముతారు. ఆ నమ్మకం సడలే రోజున పక్కన ఎవరున్నారన్నదే అసలు సంగతి.

2021లో నేచర్ పత్రికలో మరొక పెద్ద పరిశోధన వచ్చింది. అరవై వేలకు పైగా జిమ్ సభ్యుల మీద యాభైనాలుగు రకాల ప్రోత్సాహక కార్యక్రమాలను నాలుగేసి వారాలు ప్రయత్నించి చూశారు. బాగా పనిచేసిన వాటిలో ముందున్నది, ఒకసారి మానేసిన తరవాత తిరిగి వచ్చినవారికి చిన్న బహుమతి ఇవ్వడం. ఎక్కువ కార్యక్రమాల ప్రభావం అవి ముగిశాక నిలవలేదన్నది కూడా అదే పరిశోధన చెప్పింది. దీన్నుంచి నేను నా పద్ధతి మార్చుకున్నాను. మానకుండా వచ్చినవారిని మెచ్చుకోవడం కన్నా, రెండు వారాలు రాక ముఖం చాటేసిన మనిషి తిరిగి వచ్చిన రోజున అతన్ని ప్రశ్నించకుండా పలకరించడం ముఖ్యమని మా సిబ్బందికి చెప్పాను. ఆ ఒక్క మాటకోసం ఖర్చేమీ లేదు.

భవనం గురించి నేను కోరేది రెండే. ఒకటి, జిమ్‌లో నాలుగు గోడలా ఉన్న అద్దాలను తగ్గించండి. కెనడాలో జరిగి 2003లో వెలువడిన ఒక అధ్యయనంలో, వ్యాయామం అలవాటు లేని స్త్రీలు అద్దం ముందు ఇరవై నిమిషాలు సైకిల్ తొక్కాక, అద్దం లేకుండా తొక్కినవారితో పోలిస్తే తక్కువ ఉల్లాసంతో, ఎక్కువ అలసటతో ఉన్నట్లు గమనించారు. బరువులెత్తేవారికి భంగిమ సరిచూసుకోవడానికి అద్దం కావాలి, ఆ ఒక్క గోడకు ఉంచండి. రెండు, తలుపు తీయగానే భారీ బరువుల చోటు ఎదురుగా ఉండకుండా దాన్ని లోపలి మూలకు జరపండి. కొత్తవారు మొదట చూసేది తమకు సాధ్యమయ్యే పని కావాలి.

పార్క్‌రన్ అనే వారాంతపు పరుగు కార్యక్రమం 2004 అక్టోబరులో లండన్‌లోని బుషీ పార్కులో పదముగ్గురితో మొదలైంది. కొత్తగా కట్టిందేమీ లేదు. ప్రతి శనివారం, ఒకే సమయం, ఒకే దారి, పరిగెత్తినా నడిచినా ఒకటే, రుసుము లేదు, నడిపేవారంతా స్వచ్ఛంద సేవకులు. ఇవాళ అది ఎన్నో దేశాల్లో సాగుతోంది. కొలంబియా రాజధాని బొగొటా నగరంలో 1974లో మొదలైన సిక్లోవియా కూడా అంతే: ఆదివారాల్లో నూట ఇరవై కిలోమీటర్లకు పైగా రోడ్లను వాహనాలకు మూసి జనానికి తెరుస్తారు. మీ నిధుల్లో ఒక భాగాన్ని ఇటుకలకు కాకుండా, మొదటి నెలంతా కొత్తవారి పక్కన నిలబడే ఇద్దరు మనుషుల జీతాలకు కేటాయించండి.

ప్రశ్న అడిగినవారి మాట

రెండోసారి రాని ఆయనకు ఫోను చేశాను. మొదట మొహమాటపడ్డారు గాని తరవాత వివరంగా చెప్పారు. ర్యాంపు, తలుపు బాగానే ఉన్నాయట. దుస్తులు మార్చుకునే గదిలో కుర్చీ తిప్పుకునే చోటు లేక, సహాయం అడగడానికి ఇష్టంలేక, అరగంట అక్కడే ఉండి వెళ్లిపోయారట. ఆ గది తలుపు పక్కన నేను రోజూ నడుస్తాను. నక్షా గీసే ముందు ఒకసారి వచ్చి మాతో కలిసి చూడమని అడిగితే ఒప్పుకున్నారు.

సంఘం యంత్రాల కొనుగోలును వాయిదా వేసింది. ముందుగా దుస్తులు మార్చుకునే గదులు, హాలు మధ్య తెర, ప్రవేశభాగం చేయిస్తాం. జిమ్ అద్దాలు ఈ వారమే తీయిస్తున్నాం. శిక్షకుడు గారు అడిగిన ఇద్దరు మనుషుల విషయం మీద ఇంకా చర్చ సాగుతోంది, నేను పట్టువదలను. ఈత శిక్షకురాలు గారిని ఒక్కటి అడగాలి. ఉదయం నేర్చుకునేవారికి నీరు 30 డిగ్రీలు, సాయంత్రం వేగంగా ఈదేవారికి 27 డిగ్రీలు ఉంచడం ఒకే కొలనులో కుదురుతుందా?

జవాబు – ఈత శిక్షకురాలు

కుదరదు. 25 మీటర్ల కొలనులోని నీటి రాశిని మూడు డిగ్రీలు వేడెక్కించడానికి చాలా గంటలు, ఒక్కోసారి ఒక రోజుకు పైగా పడుతుంది. చల్లబడటం ఇంకా నిదానం. పూటపూటకూ మార్చబోతే శక్తి వృథా అవుతుంది, ఇద్దరికీ సుఖం ఉండదు. మేము నేర్చుకునేవారికీ ఈదేవారికీ మధ్యస్థంగా 29 దగ్గర స్థిరపడ్డాం. పందేలకు సాధన చేసే పిల్లలు మొదట్లో గొణిగారు, వారి పొడవాటి సాధనలను గాలి చల్లగా ఉండే తెల్లవారుజాముకు మార్చాక సర్దుకున్నారు. తక్కువ లోతున్న వైపు రెండు వరసలను తాడుతో వేరుచేసి, అవి ఎప్పుడూ నేర్చుకునేవారికే ఉంచండి, ఎంత రద్దీ ఉన్నా వాటిని ఈదేవారికి ఇవ్వకండి. గదుల నక్షా చూడటానికి ఆయన వచ్చే రోజున కొలను మెట్ల కొలతలు కూడా ఆయనతోనే సరిచూసుకోండి. కడ్డీ ఎంత ఎత్తున ఉండాలో మనకన్నా ఆయనకే బాగా తెలుస్తుంది.